ఫిన్‌లాండ్ ఒకే కాలంలో మిగ్-21, డ్రాకెన్, హాక్ ఎందుకు ఎగరేసింది? తెలివా, గతి లేకా?

ఆకాశదీపం
2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మన మిగ్-21లకు వీడ్కోలు చెప్పిన దగ్గర్నుంచి ఆ వీడియోలే చూస్తున్నా. అలా చూస్తుంటే మంచు పరిచిన రన్‌వే మీద ఇంకో దేశపు మిగ్-21 కనబడింది. ఒంటి మీద నీలం-తెలుపు వలయం. ఫిన్‌లాండ్‌దట.

అక్కణ్ణుంచి వెతుకుతూ పోతే తల తిరిగింది. 1980లలో వాళ్ళ దగ్గర రష్యా మిగ్, స్వీడన్ డ్రాకెన్, బ్రిటన్ హాక్ మూడూ ఉన్నాయి. జనాభా ఇప్పటికీ 56 లక్షలే, మన హైదరాబాద్‌లో అంతకంటే ఎక్కువమంది ఉంటారు. అంత చిన్న దేశం మూడు రకాల స్పేర్లు, మూడు రకాల పనిముట్లు, మూడు రకాల ట్రైనింగు పెట్టుకోవడం డబ్బు దండగ కాదా? ఒక్క రకమే కొనుక్కుని ఎక్కువ సంఖ్యలో పెట్టుకుంటే పోయేదిగా. మొదటి నుంచీ వాళ్ళు ఏమేం ఎగరేశారో తెలిసినవాళ్ళు చెప్పండి.

తాంపెరే_తమ్ముడు
ఉద్యోగం ఇక్కడే, ఫిన్‌లాండ్‌లోనే. తిక్కకోస్కి అనే ఊళ్ళో వాళ్ళ వాయుసేన మ్యూజియం ఉంది, వీలు దొరికినప్పుడల్లా పోతుంటా. కాబట్టి మొదలు నేను పెడతా, మిగతావాళ్ళు అందుకోండి.

వాళ్ళ మొదటి విమానం కొన్నది కాదు, దానం వచ్చింది. 1918 మార్చి 6న స్వీడన్ జమీందారు ఎరిక్ వాన్ రోజెన్ ఒక థూలిన్ డి విమానాన్ని వాసా ఊరికి తెచ్చి ఇచ్చేశాడు. అప్పటికి ఫిన్‌లాండ్ స్వాతంత్ర్యం ప్రకటించుకుని మూడు నెలలే, లోపల అంతర్యుద్ధం నడుస్తోంది. ఆ తేదీనే ఇప్పటికీ వాయుసేన పుట్టినరోజుగా జరుపుకుంటారు.

ఒక దానపు విమానంతో మొదలైన సేన అని గుర్తుపెట్టుకుంటే తర్వాతి కథంతా అర్థమవుతుంది. వాళ్ళకి నచ్చింది కొనుక్కునే అవకాశం చాలాకాలం దొరకలేదు. ఎవరు ఇస్తే అది, ఎవరు అమ్మితే అది.

గోదారి_గాలి
ఆ విమానం మీద స్వస్తిక్ ఉండేదని విన్నాను, నిజమేనా? మన పెళ్ళి కార్డు మీద గుర్తు ఫిన్‌లాండ్ రెక్క మీదకి ఎలా వెళ్ళింది?

తాంపెరే_తమ్ముడు
నిజమే. నీలం స్వస్తిక్. వాన్ రోజెన్ దాన్ని తన అదృష్ట చిహ్నంగా పెట్టుకున్నాడు. విమానం మీద వేసి ఇచ్చాడు, వీళ్ళు దాన్నే సేన గుర్తుగా తీసుకున్నారు. 1945 దాకా విమానాలన్నిటి మీదా అదే. తర్వాత తీసేసి నీలం-తెలుపు వలయం వేశారు.

లెక్కల_మాష్టారు
అంతటితో వదిలేస్తే సగమే చెప్పినట్టు. 1918లో హిట్లర్ పార్టీయే లేదు, గుర్తుకీ నాజీలకీ ఆనాడు సంబంధం లేదు, ఒప్పుకుంటా. కానీ ఆ వాన్ రోజెన్ తోడల్లుడు ఎవరనుకున్నారు? హెర్మన్ గోరింగ్. వాన్ రోజెన్ భార్య చెల్లెలే గోరింగ్ మొదటి భార్య కారిన్. తర్వాత్తర్వాత వాన్ రోజెన్ కూడా స్వీడన్‌లో నాజీల పక్షమే వహించాడు. 1945 తర్వాత కూడా వాయుసేన కమాండ్ బ్యాడ్జీ మీద స్వస్తిక్ చాలా ఏళ్ళు ఉండిపోయింది. దాన్ని చడీచప్పుడూ లేకుండా మార్చేశారని 2020లో బయటపడింది.

గోదారి_గాలి
గోరింగ్ తోడల్లుడా! ఇది మాత్రం ఊహించలేదు మాష్టారూ.

పాత_ఇనుము
యుద్ధం దగ్గరికి రండి, అసలు సరుకు అక్కడుంది.

1939 నవంబర్ 30న సోవియట్ యూనియన్ ఫిన్‌లాండ్ మీద పడింది. శీతాకాల యుద్ధం అంటారు, 1940 మార్చి 13 దాకా సాగింది. ఫిన్‌లాండ్ దగ్గర కాస్త చెప్పుకోదగ్గ ఫైటర్ ఒక్కటే, డచ్చివాళ్ళ ఫోకర్ డి-21. అవి నలభై లోపే. చక్రాలు లోపలికి ముడుచుకోవు, కాళ్ళు వేలాడేసుకునే ఎగురుతుంది. ఉన్నవి నాలుగు మెషిన్ గన్లు. చలికాలంలో చక్రాలు ఊడదీసి స్కీలు తగిలించి గడ్డకట్టిన చెరువుల మీద దింపేవాళ్ళు.

అలాంటి విమానంతో 1940 జనవరి 6న యోర్మా సర్వాంతో అనే పైలట్ ఒకే పోరాటంలో ఆరు సోవియట్ డీబీ-3 బాంబర్లను కూల్చాడు. పట్టింది నాలుగైదు నిమిషాలు! విమానం గొప్పదై కాదు. 1930లలోనే ఫిన్నిష్ ఫైటర్ దళాలు ముగ్గురేసి బిగుతుగా ఎగిరే పాత పద్ధతిని వదిలేసి, ఇద్దరేసి, నలుగురేసి ఎడంగా ఎగరడం నేర్చుకున్నాయి. బ్రిటన్ వాయుసేన ఆ పాఠం 1940లో ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకుంది. వీళ్ళ కమాండర్ గుస్తాఫ్ మాగ్నుస్సన్ గురి మీద ప్రాణం పెట్టేవాడు. శత్రువు వెనక యాభై మీటర్ల దగ్గరికి పోయేదాకా ట్రిగ్గర్ నొక్కొద్దని కుర్రాళ్ళకి నూరిపోశాడు. గుళ్ళు తక్కువ, విమానాలు తక్కువ, వృథా చేసే వీల్లేదు.

ఆకాశదీపం
సర్వాంతో విమానం ఇప్పుడు ఎక్కడైనా ఉందా?

తాంపెరే_తమ్ముడు
ఆయనదే అని కాదుగానీ, ఫోకర్ డి-21 ఒకటి తిక్కకోస్కిలో ఉంది. ఎఫ్ఆర్-110. దగ్గర నిలబడి చూస్తే రెక్క చెక్క, వీపు గుడ్డ. దీన్నేసుకుని బాంబర్ల గుంపులోకి దూరారా అనిపిస్తుంది.

ఇంకో మాట. వీళ్ళు ప్రతి విమానానికీ రెండక్షరాల సంకేతం పెడతారు, దాన్ని పొట్ట పక్కన పెద్దగా రాస్తారు. ఫోకర్‌కి ఎఫ్ఆర్, బ్రూస్టర్‌కి బీడబ్ల్యూ, మెస్సర్‌ష్మిట్‌కి ఎంటీ, నాట్‌కి జీఎన్, మిగ్‌కి ఎంజీ, డ్రాకెన్‌కి డీకే, హాక్‌కి హెచ్‌డబ్ల్యూ, హార్నెట్‌కి హెచ్‌ఎన్. మ్యూజియంలో ఆ అక్షరాలు చదువుకుంటూ పోతే చాలు, నూరేళ్ళ చరిత్ర తెలిసిపోతుంది.

పాత_ఇనుము
బీడబ్ల్యూ అన్నావు కాబట్టి బ్రూస్టర్ కథ చెప్పాల్సిందే. అమెరికా నౌకాదళం ‘బఫెలో’ పేరుతో వాడింది, 1942లో మిడ్‌వే దగ్గర జపాన్ జీరో ఫైటర్ల చేతిలో చావుదెబ్బ తింది. సింగపూర్‌లో బ్రిటిష్‌వాళ్ళదీ అదే గతి. ప్రపంచంలో అతి చెత్త ఫైటర్ల పట్టికల్లో తప్పకుండా ఉంటుంది.

అదే విమానం ఫిన్‌లాండ్‌కి 44 వచ్చాయి, దాదాపు అన్నీ శీతాకాల యుద్ధం అయిపోయాకే. 1941 జూన్‌లో సోవియట్‌తో మళ్ళీ యుద్ధం మొదలైంది. బ్రూస్టర్లతో వీళ్ళు నాలుగు వందలకు పైగా శత్రు విమానాలను కూల్చామని లెక్క చూపించారు. గాలిలో పోరాడుతూ పోగొట్టుకున్నవి మాత్రం సుమారు ఇరవై. కారణం ఒకటి, వీళ్ళకి వచ్చింది తొలి రకం, తేలికది. తర్వాతి రకాల్లా బరువు ఎక్కించింది కాదు. రెండు, మెకానిక్కులు ఇంజిన్లో పిస్టన్ రింగు ఒకటి తిరగేసి బిగించి నూనె ఇబ్బంది తగ్గించారు, తుపాకులు మార్చారు, గురిచూసే అద్దం మార్చారు, సీటు వెనక ఇనప పలక పెట్టారు. మూడు, మాగ్నుస్సన్ శిష్యులు.

లెక్కల_మాష్టారు
ఈ 400 లెక్కలతోనే నాకు పేచీ. పైలట్ ‘కూల్చాను’ అన్నదంతా కూలినట్టు కాదు, ఏ దేశంలోనైనా. తర్వాత సోవియట్ రికార్డులు బయటికొచ్చాక పోల్చినవాళ్ళు సంఖ్య తగ్గించారు. పైగా 1941లో ఎదురుగా వచ్చినవి చాలావరకు ఐ-153, ఐ-16 లాంటి పాతవి, నడిపేవాళ్ళు సరిగా శిక్షణ లేని కుర్రాళ్ళు. ఒక బ్రూస్టర్ పోతే ఇరవై ఆరు శత్రు విమానాలు కూలాయని ఇంటర్నెట్లో తిప్పే నిష్పత్తిని వేదంలా తీసుకోకండి.

పాత_ఇనుము
సంఖ్యలో సగం కొట్టేసినా గొప్పదే కదా మాష్టారూ. అదే యంత్రం ఇంకొకళ్ళ చేతిలో శవపేటిక అయిందనేది మీరు కాదనలేరు.

లెక్కల_మాష్టారు
అది కాదనను. కానీ 1943లో సోవియట్ కొత్త ఫైటర్ లా-5 వచ్చేసరికి బ్రూస్టర్ ఆట కట్టు. అప్పుడు వీళ్ళూ జర్మనీ నుంచి మెస్సర్‌ష్మిట్ 109జి తెచ్చుకున్నారు, సుమారు 160. వాళ్ళలో అందరికంటే ఎక్కువ కూల్చిన ఇల్మారి యూటిలైనెన్ లెక్క 94. అందులో 34 బ్రూస్టర్ మీద, 58 మెస్సర్‌ష్మిట్ మీద, 2 ఫోకర్ మీద. మంచి పైలట్‌కి కూడా మంచి యంత్రం కావాలి.

పెనుగొండ_పిన్ని
జర్మనీ విమానాలు తెచ్చుకున్నారంటే జర్మనీ పక్షాన పోరాడినట్టేగా? దాన్ని పొగుడుకుంటూ పోతే ఎలా?

తాంపెరే_తమ్ముడు
పిన్నిగారూ, ఇక్కడివాళ్ళు కూడా ఆ మాట మీద ఇప్పటికీ వాదించుకుంటారు. సోవియట్ లాక్కున్న భూమి తిరిగి తెచ్చుకోవడానికే అని ఒకరంటారు, హిట్లర్‌తో చేయి కలపడం చేయి కలపడమే అని ఇంకొకరంటారు. అయితే 1944 సెప్టెంబర్‌లో సోవియట్‌తో సంధి చేసుకున్నాక, ఉత్తరాన లాప్‌లాండ్‌లో ఉన్న జర్మన్ సైన్యాన్ని తరిమేయాల్సిన షరతు వీళ్ళ మీద పడింది. జర్మనీ ఇచ్చిన యుంకర్స్ 88 బాంబర్లతోనే జర్మన్ల మీద బాంబులు వేశారు. ఒకే విమానం, ఒకే పైలట్, నెలల తేడాలో శత్రువు మారిపోయాడు.

పెనుగొండ_పిన్ని
ఆ పైలట్ల పరిస్థితి తలుచుకుంటే పాపం అనిపిస్తోంది.

బోడుప్పల్_బుజ్జి
వాళ్ళు సొంతంగా ఏమీ తయారు చేయలేదా? మనవాళ్ళు మారుత్ చేసినట్టు?

పాత_ఇనుము
చేశారు. ‘మిర్స్కీ’ అని, యుద్ధం మధ్యలో తయారైన ఫైటర్, 51 చేశారు. చెక్క ఎక్కువ, ఆ చెక్కకి జిగురు. తడికి జిగురు వదిలేసేది, కొన్ని గాలిలోనే విరిగిపోయాయి. అయినా వాడారు. అంతకంటే నాకు నచ్చేది ‘మోర్కో మొరాని’. ఫ్రెంచి మొరాన్ 406 విమానంలో సోవియట్ దగ్గర పట్టుబడ్డ క్లిమోవ్ ఇంజిన్ పెట్టారు. ఫ్రాన్స్ ఒళ్ళు, రష్యా గుండె, ఫిన్‌లాండ్ చేతిపని. దొరికిన ఇనుముతో బతకడం అంటే అదీ.

ఆకాశదీపం
ఇవన్నీ యుద్ధం రోజుల సంగతులు, అప్పుడు దొరికింది వాడక తప్పదు. నా ప్రశ్న యుద్ధం తర్వాతది. శాంతికాలంలో కూడా మూడు దుకాణాల్లో కొనడం ఎందుకు?

లెక్కల_మాష్టారు
శాంతికాలమైనా చేతులు కట్టేసి ఉన్నాయి. 1947 ఫిబ్రవరి 10న పారిస్ శాంతి ఒప్పందం. ఓడిన దేశం కాబట్టి షరతులు పెట్టారు. వాయుసేనలో విమానాలు 60 మించకూడదు. మనుషులు 3,000 మించకూడదు. పొట్టలో బాంబులు మోసే బాంబర్లు ఉండకూడదు. గైడెడ్ మిసైళ్ళు ఉండకూడదు. మరుసటేడు సోవియట్‌తో స్నేహ ఒప్పందం, దానికింద జర్మనీగానీ దాని మిత్రులుగానీ ఫిన్‌లాండ్ మీదుగా దాడికొస్తే ఎదిరించే బాధ్యత.

అంటే అటు సోవియట్‌కి అనుమానం రాకూడదు, ఇటు పడమటి దేశాలకి ‘వీళ్ళు మాస్కో జేబులో ఉన్నారు’ అనిపించకూడదు. ఇలాంటి దేశం ఒక్క దుకాణంలో కొంటే అది రాజకీయ ప్రకటన అయిపోతుంది. మీరు దండగ అంటున్నది వాళ్ళు స్వాతంత్ర్యానికి కట్టిన వెల.

తాంపెరే_తమ్ముడు
మాష్టారు చెప్పినదానికి వరుస కలుపుతా. 1953లో బ్రిటన్ నుంచి వాంపైర్లు, వీళ్ళ మొదటి జెట్లు, ఆరే ఆరు. 1958లో మళ్ళీ బ్రిటన్ నుంచే నాట్, 13. అదే ఏడు ఫ్రాన్స్ నుంచి ఫూగా మజిస్టర్ ట్రైనర్లు మొదలు. అవి 18 కొని, ఇంకో 62 తమ వాల్మెట్ కంపెనీలో లైసెన్సు మీద కట్టుకున్నారు. 1963లో సోవియట్ మిగ్-21ఎఫ్-13. 1972లో స్వీడన్ డ్రాకెన్ ఆరు అద్దెకి, తర్వాత పన్నెండు విడిభాగాలుగా తెచ్చి వాల్మెట్‌లోనే బిగించుకున్నారు. 1978లో మిగ్-21బిస్. 1980 నుంచి బ్రిటన్ హాక్ 50, అవీ చాలావరకు ఇక్కడ బిగించినవే.

చూడండి, కొనేది ఎవరి దగ్గరైనా బిగించేది ఇంట్లో. ‘మూడు రకాల పనిముట్లు దండగ’ అన్నారు ఆకాశదీపం గారు, ఆ పనిముట్లు పట్టిన చేతులు మాత్రం అవే. ఫూగా కట్టినవాడే డ్రాకెన్ బిగించాడు, తర్వాత హాక్ బిగించాడు.

బోడుప్పల్_బుజ్జి
ఆగండాగండి, నాట్ అంటే మన నాటేనా? పాకిస్తాన్ సేబర్ ఫైటర్లని కూల్చింది?

తాంపెరే_తమ్ముడు
అదే నాట్. ఫైటర్ రకం వందల్లో వాడింది మనమొక్కళ్ళమే, ఆ తర్వాత 13తో ఫిన్‌లాండ్. యుగోస్లావియా రెండు తీసుకుని పరీక్షించి వదిలేసింది. సొంతదారు బ్రిటన్ ఫైటర్‌గా తీసుకోనేలేదు, ట్రైనర్‌గా వాడుకుంది.

మ్యూజియంలో దాని పక్కన నిలబడితే నవ్వొస్తుంది, అంత చిన్నది. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 22 అడుగులే. కాక్‌పిట్ అంచు నా భుజం ఎత్తుకి కాస్త పైన. నిచ్చెన లేకుండానే ఎక్కేయొచ్చేమో అనిపించింది. 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ మీద నిర్మల్ జిత్ సింగ్ సెఖోన్ ఆరు సేబర్లకి ఎదురెళ్ళింది ఇంత చిన్నదాంట్లోనా అని చాలాసేపు అక్కడే ఉండిపోయా. మా అబ్బాయి వచ్చి చెయ్యి పట్టి లాక్కెళ్ళాడు.

పాత_ఇనుము
నాట్ పేరెత్తాక లౌరి పెకూరిని చెప్పకపోతే పాపం. 1942 జూన్ 25న ఆయన బ్రూస్టర్ బీడబ్ల్యూ-372 దెబ్బతిని మండిపోతుంటే చెరువులో దింపాడు. ఈదుకుంటూ ఒడ్డెక్కి, శత్రువు పట్టులో ఉన్న అడవుల గుండా నడిచి తనవాళ్ళని చేరుకున్నాడు. 1944లో మళ్ళీ కూలి సోవియట్ చెరలో పడ్డాడు. యుద్ధమయ్యాక వదిలారు. అదే మనిషి 1958 జూలై 31న నాట్ ఎక్కి ధ్వని వేగాన్ని దాటాడు. ఫిన్‌లాండ్‌లో ఆ పని చేసిన మొదటివాడు ఆయనే.

ఆ బ్రూస్టర్ 1998లో చెరువు అడుగు నుంచి బయటికొచ్చింది. చల్లటి మంచినీళ్ళు కాబట్టి పెద్దగా పాడవలేదు. అక్కణ్ణుంచి అమెరికా వెళ్ళి పెన్సకోలా నౌకాదళ మ్యూజియానికి చేరింది.

గోదారి_గాలి
ఇది సినిమాకి సరిపోయే కథ. బ్రూస్టర్ నుంచి సూపర్‌సానిక్ దాకా ఒకే మనిషి!

రిటైర్డ్_సార్జెంట్
ఇందాకట్నుంచి చదువుతున్నా. మిగ్-21 నా అన్నం పెట్టిన విమానం, తేజ్‌పూర్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేశా. దాని గురించి నాలుగు ముక్కలు రాస్తా.

మనకీ ఫిన్‌లాండ్‌కీ మిగ్-21 వచ్చింది ఒకే ఏడు, 1963. మనకి చండీగఢ్‌లో 28వ స్క్వాడ్రన్. వాళ్ళకి కువోపియో దగ్గర రిస్సాల. రెండు దేశాలకీ మొదట వచ్చింది ఎఫ్-13 రకమే. కానీ వాడిన తీరు వేరు. ఈ విమానం పుట్టింది ఒకే పనికి. కింద నుంచి సూటిగా పైకి పోవాలి, వచ్చినవాణ్ణి కొట్టాలి, తిరిగి దిగాలి. ఇంధనం తక్కువ, ఎక్కువసేపు గాలిలో ఉండలేదు. ఫిన్‌లాండ్ దాన్ని ఆ పనికే ఉంచింది, 22 ఎఫ్-13లు, తర్వాత 26 బిస్‌లు, కొన్ని రెండు సీట్లవి. మనం ఎనిమిది వందలకు పైగా తీసుకుని దానిచేత గగనతల రక్షణ చేయించాం, నేల మీద దాడి చేయించాం, కుర్రాళ్ళకి పాఠాలూ చెప్పించాం. మంచి ట్రైనర్ జెట్ లేక, నెమ్మదిగా పోయే కిరణ్ ట్రైనర్ దిగి తిన్నగా మిగ్ ఎక్కినవాళ్ళని నా కళ్ళారా చూశా. దిగే వేగం గంటకి మూడు వందల కిలోమీటర్లు దాటుతుంది, కొత్త కుర్రాడికి అది చిన్న విషయం కాదు. మిగ్‌ని శవపేటిక అన్నవాళ్ళ మీద నాకు కోపం వచ్చేది అందుకే. తప్పు యంత్రానిది ఒక్కదానిదే కాదు.

దిగగానే తోక కింద నుంచి పారాచూట్ విచ్చుకుంటుంది, వేగం తగ్గించడానికి. పైలట్ దాన్ని రన్‌వే చివర వదిలేసి వెళ్ళిపోతాడు. బండి వేసుకుపోయి ఏరుకొచ్చేది మేము. అస్సాం వానలో తడిసి ముద్దయ్యేది. ఆరబెట్టి, తాళ్ళు చిక్కు తీసి, మడతలు లెక్కపెట్టి, కాళ్ళతో తొక్కి సంచిలో కుక్కాలి. ఒక్క మడత అటూ ఇటూ అయితే మరుసటి ల్యాండింగులో విచ్చుకోదు. మైనస్ ముప్ఫైలో ఫిన్‌లాండ్ ఫిట్టర్లు ఆ గుడ్డ గడ్డకట్టి రేకులా అయ్యాక ఏం చేసేవారో అడగాలని ఉంది.

తాంపెరే_తమ్ముడు
సార్జెంటు గారూ, ఈసారి మ్యూజియంకి వెళ్ళినప్పుడు అక్కడి పెద్దాయన్ని అడిగి రాస్తా. మిగ్ దగ్గర వాలంటీరుగా కూర్చునే ఒకాయన రిస్సాలలో మెకానిక్కుగా చేశారు. భారత్ నుంచి అనగానే నన్ను ముందు అడిగేది మిగ్ గురించే.

జహీరాబాద్_అబ్బాయి
ట్రైనర్ లేకపోవడం గురించి సార్జెంటు గారు చెప్పినదానికి జవాబు మా ఇంటి మీదుగా ఎగురుతోంది. బీదర్ మాకు పక్కనే. 2008 నుంచి అక్కడ హాక్‌లు. పొద్దున్నే పొలానికి పోయేటప్పుడు రెండేసి వస్తుంటాయి. మా నాన్న ఇప్పటికీ పని ఆపి తలెత్తి చూస్తాడు. సూర్యకిరణ్ విన్యాసాల దళం కూడా అక్కడిదే.

మనకి హాక్ 2008లో వస్తే ఫిన్‌లాండ్‌కి 1980లోనే వచ్చిందా? ఇరవై ఎనిమిదేళ్ళ తేడా!

తాంపెరే_తమ్ముడు
అవును తమ్ముడూ, 1977లోనే ఆర్డరిచ్చారు. బ్రిటన్ బయట హాక్ కొన్న మొదటి దేశాల్లో ఇదొకటి. 2007లో స్విట్జర్లాండ్ వాడి పక్కన పెట్టిన 18 కూడా తీసుకున్నారు. మీ సూర్యకిరణ్‌లాగే ఇక్కడ మిడ్‌నైట్ హాక్స్ అని నాలుగు విమానాల దళం ఉంది.

ఆకాశదీపం
సరే, రాజకీయం అర్థమైంది. డబ్బు? చిన్న దేశం, చలి దేశం, అప్పట్లో పెద్దగా డబ్బున్న దేశం కూడా కాదు.

లెక్కల_మాష్టారు
సోవియట్‌తో వీళ్ళ వ్యాపారం డాలర్లలో నడవలేదు, సరుకుకి సరుకు ఖాతా. ఫిన్‌లాండ్ నుంచి ఓడలు, కాగితం మిల్లుల యంత్రాలు వెళ్ళేవి, అటునుంచి చమురు వచ్చేది. ఖాతా సరిచేయడానికి ఆయుధాలు కూడా పనికొచ్చాయి. డాలర్ ఖర్చు కాకుండా సూపర్‌సానిక్ ఫైటర్ వస్తుంటే ఎవరు వద్దంటారు? మిసైళ్ళ నిషేధం కూడా ఆ సందులోనే సడలింది. 1963లో బ్రిటన్, సోవియట్ రెండూ ‘రక్షణకి వాడే మిసైళ్ళు పెట్టుకోవచ్చు’ అని ఒప్పుకున్నాయి. మిగ్ అమ్మాలంటే మిసైల్ కూడా అమ్మాలిగా మరి.

ఇక డ్రాకెన్. అది స్వీడన్ రోడ్ల మీద దిగి లేచేలా కట్టినది. రోడ్లనే రన్‌వేలుగా వాడుకునే ఫిన్‌లాండ్ పద్ధతికి అచ్చంగా సరిపోయింది. మిగ్‌లు తూర్పున కువోపియోలో, డ్రాకెన్లు ఉత్తరాన రొవానియెమిలో. మిగ్ 1998 మార్చి 7న, డ్రాకెన్ 2000 ఆగస్టు 16న విశ్రాంతి తీసుకున్నాయి.

అద్దంకి_పిల్లోడు
రోడ్డు మీద దిగడం అన్నారు కాబట్టి నేనూ వస్తున్నా. మా కొరిశపాడు దగ్గర 16వ నంబర్ హైవే మీద నాలుగు కిలోమీటర్ల రన్‌వే కట్టారు. 2024 మార్చి 18న ఆన్-32, డోర్నియర్ నిజంగానే దిగి లేచాయి. సుఖోయ్-30, హాక్ మాత్రం తాకకుండా పైనుంచే వెళ్ళిపోయాయి. ఊరంతా డాబాల మీదే. సుఖోయ్ వెళ్ళిన చప్పుడుకి మా గేదె తాడు తెంచుకుంది, సాయంత్రానికిగానీ దొరకలేదు.

తాంపెరే_తమ్ముడు
ఇక్కడ అది ఏటా జరిగేదే. ‘బానా’ అని విన్యాసం. అడవి మధ్య రోడ్డు మూసేసి, అడ్డంగా ఇనప తీగ కట్టి, హార్నెట్లు దింపుతారు. హార్నెట్ పుట్టింది విమానవాహక నౌకల కోసం, కాబట్టి గట్టి కాళ్ళు, తోకకింద కొక్కెం ఉంటాయి. సముద్రం మీద నౌక కోసం కట్టిన విమానం అడవిలో రోడ్డుకి సరిగ్గా కుదిరింది. 2023 సెప్టెంబర్‌లో తెర్వో దగ్గర నార్వే ఎఫ్-35లు కూడా దిగాయి.

బోడుప్పల్_బుజ్జి
హార్నెట్ ఎప్పుడొచ్చింది? అమెరికా అప్పటిదాకా లేదుగా లిస్టులో?

పాత_ఇనుము
జెట్ కాలంలో ఫైటర్‌గా అదే మొదటిది. 1990 సెప్టెంబర్‌లో జర్మనీ ఏకమవుతున్న వేళ, పారిస్ ఒప్పందపు సైనిక షరతులు ఇక చెల్లవని ఫిన్‌లాండ్ తనంతట తనే ప్రకటించేసింది. 1992 మేలో హార్నెట్‌ని ఎంచుకుంది. ఎఫ్-16, గ్రిపెన్, మిరాజ్ 2000-5, మిగ్-29 కూడా పోటీలో ఉన్నాయి. మొత్తం 64. రెండు సీట్లవి ఏడు అమెరికాలో, ఒక సీటువి 57 ఇక్కడే బిగించారు.

వాళ్ళ చేతిపని ఏ స్థాయిదో తెలియాలంటే హెచ్‌ఎన్-468 చూడాలి. 2001లో రెండు హార్నెట్లు గాలిలో గుద్దుకున్నాయి. ఒకటి కూలింది, రెండోది చితికిపోయి దిగింది. ఆ చితికినదానికి కెనడా రెండు సీట్ల హార్నెట్ ముందు భాగం తెచ్చి అతికించి, ఒక సీటు విమానాన్ని రెండు సీట్ల విమానం చేశారు. 2009లో ఎగిరింది.

గోదారి_గాలి
ఇప్పుడు ఎక్కడుంది?

పాత_ఇనుము
2010 జనవరిలో పరీక్షల్లో కూలిపోయింది. ఇద్దరు పైలట్లూ బయటికి దూకి బతికారు. ఏళ్ళ తరబడి కట్టినవాళ్ళ గురించి ఆలోచిస్తే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పెనుగొండ_పిన్ని
ఇంతకాలం అందరి దగ్గరా తలా కొంచెం కొని, 2021 డిసెంబర్‌లో 64 ఎఫ్-35లు ఒక్క అమెరికా దగ్గరే తీసుకున్నారట, అంతా కలిపి సుమారు 1,000 కోట్ల యూరోలు. 2023 ఏప్రిల్‌లో నాటోలో కూడా చేరారు. మాష్టారు చెప్పిన ‘ఒక్క దుకాణంలో కొనకూడదు’ సూత్రం ఏమైంది?

లెక్కల_మాష్టారు
ఆ సూత్రం తటస్థంగా ఉండాల్సిన దేశానిది అమ్మా. 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం చూశాక తటస్థతే పోయింది. అయినా నాకూ గుబులుంది. ఈ విమానం సాఫ్ట్‌వేర్, స్పేర్లు అన్నీ అమెరికా చేతిలో. గ్రిపెన్ తీసుకుని ఉంటే పక్కింటి స్వీడన్‌తో పని అయ్యేది.

తాంపెరే_తమ్ముడు
గ్రిపెన్ వాదన ఇక్కడ ఆఫీసు క్యాంటీన్లో కూడా విన్నా, మాష్టారూ. కానీ సోవియట్ మిగ్ స్పేర్లు మాత్రం ఎవరి చేతిలో ఉండేవి? ఎదురుగా నిలబడే దేశమే స్పేర్లు ఇవ్వాలి! దానికంటే ఇది నయం. పైగా పాత అలవాటు ఇక్కడా వదల్లేదు. ఎఫ్-35 ముందు భాగాలు కొన్ని, ఇంజిన్ల బిగింపు పని ఫిన్‌లాండ్‌కి రావాలని బేరమాడి తెచ్చుకున్నారు. ఫూగాలు, డ్రాకెన్లు బిగించిన ప్రాంతమే.

ఆకాశదీపం
నేను ‘దండగ’ అన్న మాట మీద ఇంత వస్తుందనుకోలేదు. రకాలు ఎన్నైనా బిగించే చేతులు ఒక్కటే అన్న తమ్ముడి మాట నాకు బాగా పట్టింది. అయినా ఒక సందేహం మిగిలింది: మిగ్ మీద రష్యన్‌లో, డ్రాకెన్ మీద స్వీడిష్‌లో రాసి ఉండేదా అన్నీ? మీటర్లు, అడుగులు కూడా వేరేగా ఉంటాయిగా. ఒక దాంట్లోంచి దిగి ఇంకోదాంట్లో ఎక్కే పైలట్ గందరగోళపడడా?

రిటైర్డ్_సార్జెంట్
మాకు మిగ్‌లో ఎత్తుకి మీటర్లు, వేగానికి కిలోమీటర్లు; నాట్ విమానంలో ఎత్తుకి అడుగులు, వేగానికి నాటికల్ మైళ్ళు. ఎత్తు చదవడంలో పొరపాటు చేస్తే ప్రాణం పోతుంది. అందుకే ఒక రకం నుంచి ఇంకో రకానికి మారేవాణ్ణి నెలల తరబడి కొత్తవాడిలాగే చూసేవాళ్ళు, ఎంత సీనియరైనా. ఫిన్‌లాండ్‌లోనూ మిగ్ స్క్వాడ్రన్ వేరు, డ్రాకెన్ స్క్వాడ్రన్ వేరు, పొద్దున ఇది సాయంత్రం అది నడపడు ఎవడూ. తమ్ముడూ, మ్యూజియంకి వెళ్ళినప్పుడు ఆ మెకానిక్కు గారిని పారాచూట్ సంగతితో పాటు ఇదీ అడుగు. మిగ్ కాక్‌పిట్‌లో రష్యన్ అక్షరాల పక్కన ఫిన్నిష్ చీటీలు అంటించుకున్నారా, అలాగే వదిలేశారా అని.

తాంపెరే_తమ్ముడు
శనివారం వెళ్తున్నా. వీలైతే కాక్‌పిట్ ఫొటో కూడా పెడతా.